కోస్టియా కౌంటీలో ఐదెకరాలు: స్థలం చవకే, నీళ్ల సంగతి ఏమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డాలస్ దగ్గర ఉంటున్నారు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో కరెంటు, నీళ్లు లేక ఇద్దరు పిల్లలతో నానా అవస్థ పడ్డారు. అప్పటి నుంచి ఊరికి దూరంగా సొంత జాగా ఒకటి ఉండాలని ఆలోచన. కొలరాడో రాష్ట్రం కోస్టియా కౌంటీలో ఐదెకరాలు నెలవారీ వాయిదాల మీద, ఒక కారు ధర కన్నా తక్కువకు వస్తోంది. ఆపద వస్తే అక్కడికి వెళ్లిపోవచ్చు, మెల్లగా కూరగాయలు, కోళ్లు, రెండు మేకలు పెట్టుకోవచ్చు, అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు వేసవంతా అక్కడ గడపొచ్చు అనుకుంటున్నారు. మీరు హెచ్-1బి మీద ఉన్నారు. అమ్మేవాళ్లు శుక్రవారం లోపు అడ్వాన్సు కట్టమంటున్నారు. ఆ కౌంటీ మంచిదేనా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా దక్షిణ కొలరాడోలోనే, బోరు నీళ్లు, సోలార్ కరెంటు మీద ఉంటున్నాను. పుట్టి పెరిగింది అనంతపురం జిల్లాలో. అందుకే ఎక్కడ నేల చూసినా ముందు నీళ్లు అడగడం అలవాటు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కౌంటీ చెడ్డది కాదు, ఆ ఐదెకరాలు మాత్రం మీరు అనుకుంటున్న పనికి సరిపోవు. అమ్మేవాళ్లు మోసగాళ్లని అనడం లేదు. మీరు కొనాలనుకుంటున్నది నేల, మీ పనికి కావలసింది నీళ్లు. కొలరాడోలో ఈ రెండూ వేర్వేరు ఆస్తులు.

ముందు వాన లెక్క. కోస్టియా కౌంటీ ఉన్న శాన్ లూయిస్ లోయ అడుగున ఏడాదికి పడేది ఏడెనిమిది అంగుళాలు, అంటే సుమారు 200 మిల్లీమీటర్లు. మనం కరువు జిల్లా అని చెప్పుకునే అనంతపురంలో సగటు 550 దాకా ఉంటుంది. ఆ 550లోనే వేరుశనగ ఎన్నిసార్లు ఎండిపోతుందో నాకు తెలుసు. మరి ఆ లోయలో ఆలుగడ్డ, బార్లీ, అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం ఎలా పండుతున్నాయంటే కొండల మీద మంచు కరిగి వచ్చే నీళ్లతో, భూగర్భ జలాలతో. వాటికి ఎప్పటి నుంచో సొంతదారులు ఉన్నారు.

కొలరాడో నీటి చట్టం అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ముందు వాడుకున్నవాడికి ముందు హక్కు. శాన్ లూయిస్ ఊరు 1851లో వెలిసింది, కొలరాడోలో అన్నిటికన్నా పాత ఊరు అదే. అక్కడి పీపుల్స్ డిచ్ అనే కాలువకు 1852 నాటి హక్కు ఉంది, రాష్ట్రంలో అది మొదటి నంబరు. ఇలాంటి ఉమ్మడి కాలువలను అక్కడ అసేకియా అంటారు. ఎవరి మడికి ఏ వంతు, తూము ఎప్పుడు తియ్యాలి అని చూసే మనిషిని మయోర్డోమో అంటారు. మన చెరువుల కింద నీరుగంటి చేసే పనే ఆయన చేస్తాడు. వసంతంలో అందరూ కలిసి కాలువ పూడిక తీస్తారు. ఆ పద్ధతి చూస్తే మీకు ముచ్చటేస్తుంది. కానీ మీరు చూసిన ఐదెకరాలు ఆ ఆయకట్టులో ఉండే అవకాశం దాదాపు లేదు. ఆయకట్టు భూమి ఆ ధరకు రాదు. మీది 1970ల ప్రాంతంలో కాగితం మీద గళ్లు గీసి, దూరపు రాష్ట్రాల వాళ్లకు అమ్మిన పొదల భూమి అయి ఉండాలి.

బోరు వేస్తాం కదా అంటారు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. కొలరాడోలో ఇంటి బోరుకు కూడా రాష్ట్ర జల విభాగం పర్మిట్ కావాలి. స్థలం 35 ఎకరాలు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే నిమిషానికి 15 గ్యాలన్ల లోపు తోడే బోరుకు, మూడు ఇళ్ల వరకు, ఒక ఎకరం తోట, పశువులకు నీళ్లు సహా అనుమతి దొరుకుతుంది. 35 ఎకరాలకు తక్కువైతే సాధారణంగా ఇచ్చేది ఒకే ఇంటికి, అదీ ఇంటి లోపలి వాడకానికి మాత్రమే. వంట, స్నానం, బట్టలు ఉతుక్కోవడం వరకే. బయట టమాటా మొక్కకు పైపు పెట్టకూడదు, మేకకు తొట్టి నింపకూడదు. మీ ఐదెకరాలు ఈ రెండో కోవలోకి వస్తాయి. అంటే మీరు కలగన్న కూరగాయలు, కోళ్లు, మేకలు అన్నీ ఆ పర్మిట్ బయటే ఉండిపోతాయి. 1981 నాటికే ఆ లోయలో కొత్త సాగు బోర్లకు అనుమతులు ఆగిపోయాయి కాబట్టి ఏదో దారి దొరక్కపోతుందా అన్న ఆశ కూడా వద్దు.

వాన నీళ్లు పట్టుకుందాం అంటారు. 2016లో వచ్చిన చట్టం ప్రకారం ఇంటి చూరు కింద రెండు పీపాలు, రెండూ కలిపి 110 గ్యాలన్లు, అంతవరకే. ఈ నీళ్లు తోటకు పోసుకోవచ్చు. బోరు పర్మిట్‌కు అర్హత ఉండి, ఊరి కుళాయి నీళ్లు లేని ఇళ్లకు 2009 చట్టం కింద కప్పు మీది నీళ్లు ఇంకొంచెం ఎక్కువ పట్టుకునే వెసులుబాటు ఉంది. దానికి మళ్లీ పర్మిట్ కావాలి, ఆ నీళ్లు బోరుకు రాసిన పనికే వాడాలి. బోరు పర్మిట్‌లో ఇంటి లోపలికి అని ఉంటే ఈ నీళ్లూ ఇంటి లోపలికే. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఎనిమిది అంగుళాల వాన పడితే ఏడాదికి ఐదు వేల గ్యాలన్ల లోపు వస్తాయి. అవి కూడా చాలావరకు జూలై, ఆగస్టు జల్లుల్లోనే.

ఇక మిగిలింది నీళ్లు తెచ్చుకుని ట్యాంకులో పోసుకోవడం. ఆ చుట్టుపక్కల చాలామంది చేసేది ఇదే, చట్టానికి అభ్యంతరం లేదు. లెక్క వేసి చూడండి. వెయ్యి చదరపు అడుగుల పెరడు, అంటే మన రెండు సెంట్లకు కాస్త పైన. వారానికి ఒక్క అంగుళం తడి ఇవ్వాలంటే 623 గ్యాలన్లు కావాలి. ఆ గాలికి, ఎండకి ఒక అంగుళం చాలదు, అయినా అదే అనుకుందాం. 13 వారాల పంట కాలానికి 8,100 గ్యాలన్లు అవుతుంది. తెల్లటి 275 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు నింపితే నీళ్ల బరువే దాదాపు 2,300 పౌండ్లు, మామూలు హాఫ్-టన్ పికప్ అంత బరువు మోయలేదు. పెద్ద బండి కొన్నా ఒక్క పెరటి కోసమే 30 ట్రిప్పులు, మట్టి రోడ్డు మీద. పాలిచ్చే మేక రోజుకు రెండు మూడు గ్యాలన్లు తాగుతుంది, అది ఈ లెక్కలో లేదు. ఇంత చేసి పండించిన బీరకాయ ఒక్కోటి ఎంత పడుతుందో మీరే చెప్పండి.

ఈ లెక్క తప్పని ఎవరైనా అంటే ఒక పని చేయండి. కొలరాడో జల వనరుల విభాగం వెబ్‌సైట్‌లో బోరు పర్మిట్లన్నీ మ్యాపు మీద చూడొచ్చు. మీ పార్సెల్, అంటే మీరు కొనబోయే స్థలం ముక్క, చుట్టూ రెండు మైళ్లలో ఉన్న పాత పర్మిట్లు ఒక్కొక్కటీ తెరవండి. లోతు, నిలకడ నీటి మట్టం, నిమిషానికి ఎన్ని గ్యాలన్లు, ఏ వాడకానికి ఇచ్చారు, అన్నీ ఉంటాయి. ఆ రెండు మైళ్లలో బోర్లే లేకపోతే అది కూడా ఒక సమాధానమే. బోరు తవ్వకం, కేసింగ్, పంపు, దానికి సోలార్ కలుపుకుంటే ఖర్చు ఆ స్థలం ధరను చాలా సులువుగా దాటిపోతుంది. నీళ్లు పడ్డాక కూడా పరీక్ష చేయించాలి. ఆ లోయ భూగర్భ జలాల్లో కొన్నిచోట్ల ఆర్సెనిక్, యురేనియం ఉన్నాయి. మామూలు బాక్టీరియా పరీక్షతో సరిపెట్టుకోకూడదు.

ఊళ్లో కుళాయి నీళ్లయితే బేఫికర్ అనుకోకండి. 2008 మార్చిలో పక్క కౌంటీలోని అలమోసా పట్టణంలో సాల్మొనెల్లా పాకింది. లోతైన బావుల మంచి నీళ్లు కదా అని క్లోరిన్ కలపకుండా సరఫరా చేసేవారు. ఒక నిల్వ ట్యాంకులోకి జంతువుల మలం చేరి ఉంటుందని విచారణలో తేల్చారు. వందల మందికి జబ్బు చేసింది, ఒకరు చనిపోయారు, వారాల తరబడి జనం సీసా నీళ్ల మీద గడిపారు. ఎక్కడున్నా ఇంట్లో నీటి నిల్వ ఉండాలని నేను అనేది ఇందుకే.

నీళ్ల తర్వాత చలి. కౌంటీలోని ఊళ్లు శాన్ లూయిస్, ఫోర్ట్ గార్లండ్ రెండూ సముద్ర మట్టానికి దాదాపు 8,000 అడుగుల ఎత్తులో ఉన్నాయి. మంచు పడని కాలం మూడు నెలలు, కాస్త అటూ ఇటూ. జూన్ మొదట్లో కూడా రాత్రి మంచు పడి నారు మాడిపోవచ్చు. ఆలుగడ్డ, ముల్లంగి, బీట్‌రూట్, పాలకూర, బఠాణీ వస్తాయి. వంకాయ, బెండ, గోంగూర కావాలంటే గ్రీన్‌హౌస్ కట్టుకోవాలి, అది కూడా ఏప్రిల్ గాలులకు ఎగిరిపోకుండా. జనవరి రాత్రులు సున్నా ఫారెన్‌హీట్ కిందికి, అంటే మైనస్ 18 సెల్సియస్ కిందికి పోవడం అక్కడ వార్త కాదు. నీళ్ల పైపు కనీసం మూడు నాలుగు అడుగుల లోతున పూడ్చాలి. సోలార్‌కు ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇప్పుడు అందరూ కొంటున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను గడ్డకట్టే చలిలో చార్జ్ చేయకూడదు, వాటికి వెచ్చటి గది కావాలి. పెట్రోలు జనరేటర్ ఆ ఎత్తులో నాలుగో వంతుకు పైగా శక్తి కోల్పోతుంది. కంపెనీ రాసిన వాట్లు నమ్మి కొంటే ఫ్రిజ్, బోరు మోటారు కలిసి నడవవు.

వంట సంగతి కూడా చెప్పాలి, ఇంగ్లిష్ గైడుల్లో ఇది మన కోణంలో దొరకదు. అక్కడ నీళ్లు 92 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు గిన్నెలో పెడితే సాయంత్రం దాకా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తప్పనిసరి, దానికి రెండు మూడు గాస్కెట్లు అదనంగా దాచుకోవాలి. నిల్వ సరుకుల్లో కందిపప్పు కన్నా పెసరపప్పు, అటుకులు, రవ్వ ఎక్కువ పెట్టుకుంటే గ్యాసు ఆదా అవుతుంది.

అదే ఎత్తు మీ అమ్మానాన్నల విషయంలో పెద్ద సమస్య. డాలస్ నాలుగైదు వందల అడుగుల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి ఒక్క రోజులో 8,000 అడుగులకు తీసుకెళ్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే తలనొప్పి, ఆయాసం వస్తాయి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పెద్దలైతే డాక్టరు మాట వినకుండా తీసుకెళ్లొద్దు. కోస్టియా కౌంటీలో ఆసుపత్రి లేదు, దగ్గరిది అలమోసాలో ఉంది. ఫోర్ట్ గార్లండ్ నుంచి హైవే మీద అరగంట దూరమే. కానీ మీ స్థలం నుంచి హైవే దాకా ఉన్న మట్టి రోడ్డు మీద మంచు పడినప్పుడు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద కేసయితే 9,400 అడుగుల లా వీటా కనుమ దాటి ప్యూబ్లో వైపు పోవాలి. విజిటర్ ఇన్సూరెన్స్‌తో వచ్చిన అమ్మానాన్నలను అంత దూరంలో ఉంచితే మీకు రాత్రిళ్లు నిద్ర పట్టదు.

వంటచెరకు గురించి కూడా అడిగారు కదా, పక్కనే కొండ కనబడుతోంది, ఎండు కట్టెలు ఏరుకోవచ్చా అని. ఏరుకోకూడదు. ఆ కౌంటీ మెక్సికో పాలనలో ఇచ్చిన సాంగ్రే డి క్రిస్టో ఇనాం భూమిలోంచి వచ్చింది. పశ్చిమ అమెరికాలో చాలా కౌంటీల్లో ఉన్నట్టు ప్రభుత్వ అడవి ఇక్కడ లేనట్టే, దాదాపు అంతా ప్రైవేటు భూమి. ఊరి తూర్పున ఉన్న కొండను స్థానికులు లా సియెర్రా అంటారు. దాన్ని 1960లో కొన్న యజమాని కంచె వేయడంతో మొదలైన గొడవ 2002లో కొలరాడో సుప్రీంకోర్టులో తేలింది. పాత ఊళ్లలో స్థిరపడ్డవారి భూములకు వారసులైనవాళ్లకు అక్కడ పశువులు మేపుకునే, వంటచెరకు, కలప తెచ్చుకునే హక్కు ఉందని కోర్టు చెప్పింది. తరాలుగా కొట్లాడి సాధించుకున్న హక్కు అది. కొత్తగా పొదల్లో ఐదెకరాలు కొన్నవాళ్లకు అది వర్తించదు, వర్తించాలని ఆశించడం కూడా అక్కడివాళ్ల దృష్టిలో మర్యాద కాదు.

చెట్లున్న స్థలం కొంటే సరి అంటారేమో. చెట్లున్నచోట మంట ఉంటుంది. 2018 జూన్ చివర్లో ఫోర్ట్ గార్లండ్ దగ్గర అంటుకున్న స్ప్రింగ్ క్రీక్ మంట కోస్టియా, వేర్ఫనో కౌంటీల్లో 1,08,000 ఎకరాలు కాల్చింది. వందకు పైగా ఇళ్లు పోయాయి. కొండల్లోని ఇళ్ల వెంచర్లే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ రోజుల్లో లా వీటా కనుమ మీది హైవే మూసేశారు. అంటే తూర్పు వైపు నుంచి, డాలస్ నుంచి, మీరు వచ్చే దారి అదే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు చాలామంది చేస్తున్నారు. అమెరికా ప్రభుత్వ విపత్తుల సంస్థ ఫెమా వాళ్ల నేషనల్ రిస్క్ ఇండెక్స్ అనే ప్రమాదాల సూచీ తెరిచి, కౌంటీ రంగు చూసి, తక్కువ రిస్కు అని సంతోషపడతారు. ఆ సూచీలో ముఖ్యమైన భాగం ఏటా జరగగల నష్టం, డాలర్లలో. ఇళ్లు, జనం, పంటలు తక్కువున్న చోట నష్టం కూడా తక్కువే కనబడుతుంది. కోస్టియా కౌంటీ జనాభా 2020 లెక్కల్లో మూడున్నర వేలు, మన దగ్గర ఒక మోస్తరు గ్రామం. అక్కడ కాలడానికి, కూలడానికి పెద్దగా ఏమీ లేదు కాబట్టి వచ్చే అంకె, మీ ఇంటికి ఉండే ప్రమాదాన్ని చెప్పదు. మీ పార్సెల్‌కు కావలసింది వేరు: వాగు పారే పల్లమా కాదా, చుట్టూ ఏం పెరిగింది, బయటికి రెండు దారులున్నాయా, అగ్నిమాపక వాలంటీర్ల స్టేషన్ ఎంత దూరం. నేల గురించి అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) వెబ్ సాయిల్ సర్వేలో పార్సెల్ గీసి చూస్తే ఉప్పు, క్షారం, సెప్టిక్ ట్యాంకుకు పనికొస్తుందా అన్నవి ఉచితంగా తెలుస్తాయి. కరువు సంగతికి డ్రౌట్ మానిటర్ అనే వారం వారం వచ్చే కరువు మ్యాపులో పాత వారాలన్నీ తిప్పి చూడండి. నేనైతే సగటు ఏడాది చూడను, 2002, 2018 లాంటి ఏడాదుల్లో అక్కడివాళ్లు ఏం చేశారో అడుగుతాను.

కౌంటీ నియమాలకు వద్దాం. ఊరికి దూరం కాబట్టి అడిగేవాడుండడు అనుకోవద్దు. సొంత స్థలంలోనే క్యాంపింగ్ ఎన్ని రోజులు చేయొచ్చో కౌంటీ పరిమితి పెట్టింది. సెప్టిక్ ఏర్పాటు లేకుండా ట్రైలర్‌లో కాపురం పెడతామంటే ఒప్పుకోదు. 2015 ప్రాంతంలో దీని మీదే ఆఫ్-గ్రిడ్ మనుషులకు (ఊరి కరెంటు, నీళ్లు లేకుండా బతికేవాళ్లకు), కౌంటీకి పెద్ద గొడవ నడిచింది. రెండు వైపులా న్యాయం ఉందని నాకనిపిస్తుంది. నీళ్లు, మరుగుదొడ్డి లేకుండా వచ్చి, మొదటి చలికాలానికే వదిలేసి పోయినవాళ్ల చెత్త ఎత్తాల్సింది ఆ మూడున్నర వేల మందే కదా. ప్లానింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి క్యాంపింగ్, సెప్టిక్, దారి, బిల్డింగ్ పర్మిట్లు ఏ వరసలో తీసుకోవాలో అడిగి రాసుకోండి. ఇంకో విషయం, మ్యాపులో రోడ్డు ఉన్నంత మాత్రాన నేల మీద ఉంటుందని కాదు. చాలా వెంచర్ల రోడ్లు కాగితం మీదే ఉన్నాయి, కౌంటీ మంచు తియ్యదు. పైగా కొలరాడోలో పక్కవాడి ఆవులు మీ తోటలోకి రాకుండా కంచె వేసుకోవలసింది మీరే.

పత్రాల గురించి ఎక్కువ చెప్పను. మన దగ్గర ఈసీ తీయించినట్టు ఇక్కడ టైటిల్ సెర్చ్ చేయించాలి, టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. క్విట్‌క్లెయిమ్ డీడ్ ఇస్తామంటే, తమకు ఉన్న హక్కు ఏదైనా ఉంటే అది వదులుకుంటున్నామని మాత్రమే అర్థం, స్థలం తమదేనన్న హామీ అందులో ఉండదు. వాయిదాల ఒప్పందంలో చాలాసార్లు చివరి వాయిదా దాకా డీడ్ మీ పేరు మీదికి రాదు, మధ్యలో రెండు నెలలు తప్పితే ఏమవుతుందో చదువుకోండి.

వీసా సంగతి. హెచ్-1బి మీద స్థలం కొనొచ్చు, పండించుకుని తినొచ్చు. గుడ్లు, కూరగాయలు మీరే కష్టపడి అమ్ముకుంటే అది అనుమతి లేని పని కిందికి రావచ్చు, అందుకే లాయరును అడక్కుండా ఒక్క డజను కూడా అమ్మకండి. ఉద్యోగం పోతే మీకుండేది 60 రోజుల గడువు. ఆ సమయంలో అమ్ముడుపోని స్థలం మీద వాయిదాలు ఉండటం మంచిది కాదు. పొదల భూమి కొనడం ఎంత సులువో అమ్మడం అంత కష్టం.

ఇప్పుడు అసలు ఆపద గురించి. డాలస్ నుంచి ఫోర్ట్ గార్లండ్‌కు అమరిల్లో, రాటన్ మీదుగా దాదాపు 680 మైళ్లు. ఆగకుండా నడిపినా 11 గంటలు దాటుతుంది. మీరు తప్పించుకోవాలనుకున్న 2021 తుఫానునే తీసుకోండి. ఫిబ్రవరి 11న ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 మీద మంచు పేరుకుని 130కి పైగా బండ్లు గుద్దుకున్నాయి, ఆరుగురు చనిపోయారు. ఆ వారంలో పిల్లలతో బయలుదేరి, అంతకన్నా చల్లగా ఉన్న చోటికి, గడ్డకట్టిన పైపులున్న ట్రైలర్‌లోకి వెళ్లడం ఏ రకంగా మేలు? ఆ తుఫానులో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది, 246 మంది చనిపోయారని టెక్సస్ రాష్ట్రం లెక్క తేల్చింది. చాలామంది చలికి పోయారు. కొందరు గ్యారేజీలో కారు ఆన్ చేసుకుని, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు.

అందుకే ఆపద ఏర్పాటు మీ ఇప్పటి ఇంట్లోనే మొదలుపెట్టండి. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున, అమ్మానాన్నలతో కలిపి ఆరుగురికి రెండు వారాలకు 84 గ్యాలన్లు. 55 గ్యాలన్ల డ్రమ్ములు రెండు పెడితే అయిపోతుంది. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, ఎలా కట్టాలో ఇంట్లో అందరికీ తెలియాలి. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం కావాలి. ఒకే గదిలో అందరూ పడుకుని ఆ గది వరకే వెచ్చగా ఉంచుకునే ఏర్పాటు, తగినన్ని రజాయిలు. మందులు నెల రోజులకు. దీనంతటికీ అయ్యే ఖర్చు మీరు శుక్రవారం కట్టబోయే అడ్వాన్సు కన్నా ఎక్కువ కాదనుకుంటాను.

సాగు కల విడిగా చూసుకోవాలి. దానికి స్థలం శని, ఆదివారాల్లో వెళ్లి రాగలిగే దూరంలో ఉండాలి. వారం వారం చూడకపోతే కోడిపెట్ట కూడా దక్కదు. నన్నడిగితే ముందు ఫానిన్ కౌంటీ, హాప్కిన్స్ కౌంటీ లాంటివి చూడండి, డాలస్ నుంచి గంటన్నర లోపు. వాన 40 అంగుళాల పైన. టెక్సస్ వాన నీటి నిల్వను ప్రోత్సహిస్తుంది, ఆ సామాను మీద సేల్స్ ట్యాక్స్ కూడా లేదు. పదెకరాలు దాటిన స్థలంలో ఇంటికి, పశువులకు వేసుకునే బోరు రోజుకు 25,000 గ్యాలన్ల లోపు తోడేదైతే భూగర్భ జల డిస్ట్రిక్ట్ (బోర్లను చూసే స్థానిక సంస్థ) పర్మిట్ అక్కర్లేదు, రిజిస్టర్ చేసుకుంటే చాలు. ఫానిన్ వరకు ఆ డిస్ట్రిక్ట్ పేరు రెడ్ రివర్. బెండ, గోంగూర, దోస, ఆనప అన్నీ మన ఊళ్లో కాసినట్టే కాస్తాయి. అక్కడ కష్టాలు వేరు. టోర్నడోలు, వడగళ్లు, 2011లో వచ్చినలాంటి కరువు. చాలాచోట్ల మన నల్లరేగడి లాంటి నేలే, ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, ఇంటి పునాదిని పగలగొడుతుంది. ఎకరం ధర మీరు చూసిన ఐదెకరాల మొత్తం ధర కన్నా ఎక్కువే ఉండొచ్చు.

అక్కడ మనవాళ్లు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి తప్పక అడగండి: ఈ నేల ముంపులోకి వస్తుందా? డాలస్ దాహం చిన్నది కాదు. ఫానిన్ కౌంటీలోనే బోయిస్ డార్క్ చెరువు కోసం 16,000 ఎకరాలకు పైగా పోయింది, 2021లో నింపడం మొదలుపెట్టారు. ఇంకా తూర్పున రెడ్ రివర్, టైటస్, ఫ్రాంక్లిన్ కౌంటీల్లో మార్విన్ నికల్స్ అనే రిజర్వాయర్ ప్రతిపాదన దశాబ్దాలుగా నలుగుతోంది, కడితే 66,000 ఎకరాలు మునుగుతాయి. శ్రీశైలం, పోలవరం చూసినవాళ్లకు దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. రాష్ట్ర జల ప్రణాళికలో మ్యాపులు ఉంటాయి, వాటి మీద మీ పార్సెల్ పెట్టి చూడండి.

కోస్టియానే మనసులో నాటుకుపోయి ఉంటే, ఏప్రిల్ గాలుల్లో ఒకసారి, జనవరిలో ఒకసారి వెళ్లి అద్దె గదిలో వారం ఉండండి. కౌంటీ కమిషనర్ల మీటింగులో వెనక కూర్చుని వినండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే 35 ఎకరాలకు తగ్గకుండా, ఇప్పటికే బోరు ఉండి పర్మిట్‌లో తోట, పశువులు రాసి ఉన్న స్థలం వెతకండి. అవి అరుదుగా అమ్మకానికి వస్తాయి, చవక కాదు.

శుక్రవారం లోపు అడ్వాన్సు ఆపి రెండు ఫోన్లు చేయండి. మొదటిది అలమోసాలోని జల విభాగం డివిజన్ 3 ఆఫీసుకు: ఈ పార్సెల్‌కు ఏ రకం బోరు పర్మిట్ వస్తుంది, బయట వాడకం ఉంటుందా అని. రెండోది కౌంటీ ప్లానింగ్ ఆఫీసుకు. పార్సెల్ నంబరు దగ్గర పెట్టుకుని మాట్లాడండి. అమ్మేవాళ్లు ఆ నంబరు ఇవ్వడానికి నసిగితే రెండో ఫోన్ అవసరం కూడా ఉండదు.